నాలుగో నెంబరు ఎంగేజ్

ఇంతవరకూ నడిచి వచ్చిన దారి ఇదీ. కాలిపోయిన కారులో ఒక శవం దొరికింది. ఆ కారు ఒక లారీల కంపెనీ యజమానిది. చనిపోయింది తన భర్తేనని ఆయన భార్య చెప్పింది, పోలీసులు ముక్కాలు వంతు నమ్మారు. నమ్మనిది ఒక్క మనిషి. డెంటల్ డాక్టర్లకు కట్టుడు పళ్ళు చేసిచ్చే ఆవిడ. తాను చేసే ప్రతి బ్రిడ్జికీ, అంటే ఊడిన పళ్ళ చోట బిగించే కట్టుడు పళ్ళ వరసకీ, లోపలి వైపు చిన్న గాటు పెట్టడం ఆమె అలవాటు. శవం నోట్లో మిగిలిన బ్రిడ్జి ఫోటోలో ఆ గాటు కనిపించింది. పని తనదే, సందేహం లేదు. ఎవరి నోటికి చేసిందో మాత్రం గుర్తులేదు. ఆ పని పంపిన డాక్టరు క్లినిక్ ఎత్తేసి ఎక్కడికో వెళ్ళిపోయాడు. ఇక మిగిలింది ఆమె లాప్‌టాప్‌లోని ఆ దవడ పాత స్కాన్. ఇన్‌స్పెక్టరు దాన్ని అడిగిన మర్నాడే ఆ లాప్‌టాప్ పట్టపగలు, ఇంట్లో మనుషులు ఉండగానే, ఆమె బల్ల మీంచి మాయమైంది. ఈ సాయంత్రం శవాన్ని యజమాని కుటుంబానికి అప్పగిస్తారు. ఆ తర్వాత పరీక్షించడానికి ఏమీ మిగలదు.

అలాంటి రోజు మధ్యాహ్నం, ఆవిడ మరిది కొత్త లాప్‌టాప్ అట్టపెట్టెను చంకలో పెట్టుకుని వదినగారి పనిగదిలోకి వచ్చాడు.

ఆ గదిలో వస్తువు పెట్టడానికి చోటు వెతుక్కోవాలి. బల్ల నిండా ప్లాస్టర్ దవడలు, మైనం ముద్దలు, సన్నటి చెక్కుడు కత్తులు. కిటికీ దగ్గర పళ్ళ రంగులు పోల్చుకునే పట్టీ. అన్నింటి మీదా పిండి చల్లినట్టు తెల్లటి దుమ్ము. పాత లాప్‌టాప్ ఉండే చోట మాత్రం దుమ్ము లేని నలుచదరం ఒకటి అలాగే మిగిలి ఉంది. కొత్తదాన్ని సరిగ్గా అందులో పెట్టాడు మరిది.

"తీసుకో వదినా. అది పోయిన దగ్గర్నుంచి నువ్వు పిప్పిపన్ను ఉన్నవాడిలా తిరుగుతున్నావు. చూడలేక చస్తున్నా."

"మెల్లిగా మాట్లాడు. మీ అన్నయ్య పైన పడుకున్నారు."

మరిది నాలుక కరుచుకుని పైకి చూశాడు. వాళ్ళ అన్నయ్య, అంటే ఈమె భర్త, ఈ ఇంటి పెద్దకొడుకు, రాత్రి డ్యూటీ చేసే అంబులెన్స్ డ్రైవరు. కాలిన కారులోంచి ఆ శవాన్ని దింపి ఆస్పత్రికి చేర్చింది అతనే. అప్పటినుంచి పగటి నిద్ర అతనికి పట్టీ పట్టనట్టుగానే ఉంది. ఇవాళ పొద్దున్న వచ్చి, రెండు ముద్దలు తిని, మేడ మీది గదిలో తలుపేసుకున్నాడు. కాబట్టి ఇంట్లో గిన్నె కూడా చప్పుడు చేయకూడదని అత్తగారి ఆజ్ఞ.

కొత్త లాప్‌టాప్ తెరుచుకుంది. ఏ భాష కావాలంది, ఏ దేశమంది, ఏ టైమంది. సంబంధం చూడటానికి వచ్చిన పెద్దమనిషిలా ఒకదాని తర్వాత ఒకటి అడుగుతూ పోయింది. కోడలు అన్నింటికీ అవునవునంటూ నొక్కింది. చివరికి ఏ వైఫైకి కలపమంటావు అని అడిగింది. చుట్టుపక్కల ఇళ్ళ పేర్లన్నీ వరసగా వచ్చాయి. అన్నింటికన్నా పైన 'ఎక్స్ఛేంజి'. అది వీళ్ళ ఇంటిది.

పాస్‌వర్డ్ కొట్టింది. చుక్కలు గుండ్రంగా తిరిగాయి. తిరిగి తిరిగి, కలపడం కుదరలేదంది.

మళ్ళీ కొట్టింది. మళ్ళీ అదే మాట.

"పాస్‌వర్డ్ మార్చారా?"

"మార్చలేదు వదినా. నువ్వు మర్చిపోయావు. మన ఇంట్లో పాస్‌వర్డ్ తెలిస్తే సరిపోదు, మా అమ్మవారి అనుమతి కావాలి." మరిది గొంతు ఇంకా తగ్గించాడు. "పిలవనా?"

"పిలువు. వేరే దారేముంది?"

వేరే దారి నిజంగానే లేదు. స్కాన్‌కి ఇంకో నకలు ఉంది. అది బయటెక్కడా లేదు, ఈ ఇంట్లోనే ఉంది. అత్తగారి గదిలో రౌటర్ పక్కన ఒక నల్లటి పెట్టె ఉంటుంది. ఇంటి ఫోటోలు దాచుకోవడానికి మరిది ఎప్పుడో బిగించిన పెట్టె. కోడలి పాత లాప్‌టాప్ తన పనంతా రోజూ దానంతట అదే ఆ పెట్టెలోకి ఒక నకలు పంపేది. ఆ సంగతి అందరూ మర్చిపోయారు. నిన్న రాత్రి, పెద్దవాడి డ్యూటీకి ముందు అందరూ కూర్చున్న భోజనాల దగ్గర, కోడలికి ఉన్నట్టుండి గుర్తొచ్చి, "అయ్యో, పెట్టెలో ఉంటుంది కదా!" అని పైకే అనేసింది. అయితే ఆ పెట్టె ఇంటి నెట్‌వర్క్‌లోంచి తప్ప బయటినుంచి తెరుచుకోదు. అందులో ఆమె ఫైళ్ళుండే అర తెరవడానికి ఫోన్ చాలదు, కంప్యూటరు కావాలి. కొత్త లాప్‌టాప్‌ను వైఫైకి కలిపితే పెట్టె తెరుచుకుంటుంది, పెట్టె తెరుచుకుంటే చచ్చిపోయినవాడు ఎవరో తెలుస్తుంది. ఉన్నది అదొక్కటే మార్గం.

అత్తగారు వచ్చింది. చేతిలో టాబ్లెట్, ముక్కు మీద కళ్ళజోడు. గుమ్మంలోనే ఆగి, "కొత్త కనెక్షనా?" అని అడిగింది.

ఈవిడ గురించి రెండు మాటలు చెప్పాలి. ఉద్యోగం చేసినన్నాళ్ళూ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. ఒక చెవిలో ఊరు, ఇంకో చెవిలో పొరుగూరు పెట్టుకుని బతికిన మనిషి. ఉద్యోగం అయిపోయినా ఎక్స్ఛేంజి మాత్రం ఆవిణ్ణి వదల్లేదు, ఇంటికొచ్చి కూర్చుంది. ఇంట్లో వైఫై పెట్టించిన రోజునే పగ్గాలు చేతికి తీసుకుంది. ప్రతి మిషనుకూ ఆవిడ స్వయంగా ప్రవేశం ఇవ్వాలి, ఒక నెంబరు కేటాయించాలి. తన టాబ్లెట్ ఒకటి, పెద్దవాడి ఫోన్ రెండు, చిన్నవాడి ఫోన్ మూడు, కోడలి లాప్‌టాప్ నాలుగు, ఆమె ఫోన్ ఐదు. చుట్టాలొస్తే ఏడో నెంబరు ఇస్తుంది, వెళ్ళేటప్పుడు చెప్పులు తొడుక్కునేలోపు వెనక్కి తీసుకుంటుంది. మన మాట వీధిలోకి పోకూడదని రౌటర్ బలాన్ని కూడా తగ్గించి పెట్టింది. గుమ్మం దాటి రెండడుగులు వేస్తే ఈ ఇంటి వైఫై చచ్చిపోతుంది.

"అవునత్తయ్యా. కొంచెం తొందరగా..."

"తొందరపడితే రాంగ్ నెంబరు పడుతుంది. మిషను పుట్టుమచ్చ చదువు."

పుట్టుమచ్చ అంటే ప్రతి మిషనుకూ పుట్టుకతో వచ్చే గుర్తింపు సంఖ్య. మరిది లాప్‌టాప్‌ను బోర్లించి, అడుగున అంటించిన చీటీ చదివాడు. అత్తగారు ఒక్కో అక్షరాన్నీ, అంకెనూ తిరిగి పలుకుతూ టాబ్లెట్లో కొట్టుకుంది.

"ప్రవేశం ఇచ్చా. నెంబరు?"

"ఏదో ఒకటి ఇవ్వండత్తయ్యా. నాకు టైము లేదు."

"ఏదో ఒకటి ఇచ్చే ఎక్స్ఛేంజి కాదిది. నీ నాలుగో నెంబరు నీకే ఉంది. మిషను పోయిందని నెంబరు పోతుందా?"

కోడలు తలెత్తింది. "అంటే... పాతదాని ప్రవేశం ఇంకా తీసేయలేదా?"

"నువ్వు తీసేయమన్నావా?"

"దొంగలెత్తుకుపోయిన దానికి కూడా చెప్పాలా?"

"చెప్పాలి. చందాదారు అడగందే లైను కట్ చేసే హక్కు ఆపరేటరుకి లేదు. ఒకసారి అలాగే, మనిషి పోయాడు కదాని ఒకాయన లైను తీసేశారు మావాళ్ళు. మర్నాడు ఆయనే వచ్చి కౌంటర్ దగ్గర నిలబడ్డాడు. పోయింది వాళ్ళ తమ్ముడంట." అత్తగారు కళ్ళజోడు సర్దుకుంది. "నేను నెంబరిచ్చింది నీకు. దొంగకి కాదు. నాలుగు వేసుకో."

వాదిస్తే సాయంత్రమవుతుంది. కోడలు సెట్టింగుల్లోకి వెళ్ళి, నెంబరు చేత్తో ఇచ్చే చోట, అత్తగారు చెప్పినట్టే నాలుగు వేసింది. కలుపు అని నొక్కింది.

లాప్‌టాప్ ఒక క్షణం ఆలోచించింది. తర్వాత ఒక పసుపుపచ్చ హెచ్చరిక వచ్చింది. 'ఈ నెంబరును ఇదే నెట్‌వర్క్‌లో వేరొక కంప్యూటరు వాడుతోంది.'

"తప్పు కొట్టావు," అంది అత్తగారు.

చెరిపి మళ్ళీ కొట్టింది. మళ్ళీ అదే హెచ్చరిక.

అత్తగారు టాబ్లెట్ వైపు చూసింది. అందులో నెంబర్ల పక్కన చిన్న చిన్న చుక్కలుంటాయి. మిషను పనిచేస్తుంటే ఆకుపచ్చ, లేకపోతే బూడిదరంగు. ఆవిడ చూపు ఒకచోట ఆగిపోయింది. చూపుడువేలు పెదవుల మీదికి వెళ్ళింది.

"ఎంగేజ్," అంది మెల్లిగా. "నాలుగో నెంబరు ఎంగేజ్‌లో ఉంది."

"అంటే?"

"అంటే నీ పాత మిషను ఇప్పుడు లైన్లో ఉంది."

మరిది గబుక్కున కిటికీ దగ్గరికి వెళ్ళి వీధిలోకి చూశాడు. వీధి ఖాళీ. చూసి లాభం లేదని అతనికీ తెలుసు. గుమ్మం దాటితే చచ్చిపోయే వైఫై అది.

కోడలు లేచి గది తలుపు దగ్గరికి వేసింది. మరిది వైపు తిరిగింది.

"ఇంట్లోనే ఉందన్నమాట."

"నన్నెందుకలా చూస్తావు?"

"నిన్న రాత్రి పెట్టె సంగతి నేనన్నప్పుడు విన్నది ఎవరు? బయటివాళ్ళెవరూ లేరు. ఆ పెట్టె బిగించింది నువ్వు. నువ్వు లారీలకు లోడ్లు పురమాయించే పని చేసేది ఆ కంపెనీలోనే, ఆ యజమాని దగ్గరే."

"వదినా!"

"గొంతు తగ్గించు."

"వదినా," అన్నాడు మరిది గుసగుసగా, కోపం గుసగుసలో ఇమడక మొహం ఎర్రబడింది. "దొంగతనం చేసినవాణ్ణి అయితే, కొత్తది కొని తెచ్చి నీ చేతిలో ఎందుకు పెడతాను? నాకేమైనా పిచ్చా?"

"దొంగ అనుకోకుండా ఉండటానికి."

"ఓహో. పుణ్యానికి పోతే పాపం ఎదురైందని..."

"సామెతలు తర్వాత చెబుదువు గాని. నీ గది చూపించు."

"నేనిక్కడే నీ ఎదురుగా ఉన్నాగా! రెండు చేతులూ ఖాళీగా!"

"మిషను ఆన్ చేసి పెట్టి వచ్చి ఉండొచ్చు."

మరిది తల్లి వైపు చూశాడు. ఆవిడ చుక్క మీంచి కళ్ళు తిప్పలేదు. "చూపించరా," అంది అంతే. కన్నతల్లి నోట ఆ ఒక్క మాట వినగానే అతని కోపం చప్పున దిగిపోయి, ఆ చోట ఇంకేదో వచ్చింది. తలుపు తీశాడు.

అతని గది వంటింటి వెనక. ముగ్గురూ పిల్లుల్లా నడిచి వెళ్ళారు. మరిదే అల్మరా తెరిచాడు. పరుపు ఎత్తాడు. మంచం కింద ట్రంకుపెట్టె లాగబోతే అది నేల మీద కీచుమంది. ముగ్గురూ ఒక్కసారిగా పైకి చూసి ఊపిరి బిగబట్టారు. మేడ మీద ఏ చప్పుడూ లేదు. ట్రంకుపెట్టెలో పాత పుస్తకాలు, విరిగిన క్రికెట్ బ్యాటు. మాసిన బట్టల బుట్టను కూడా అతనే తిరగేశాడు.

"నా బనీన్లు కూడా దులపమంటావా?"

కోడలు బుట్టను పక్కకు జరిపింది. అతను తలుపుకి ఆనుకుని, ఈసారి నిజంగానే నెమ్మదిగా అన్నాడు.

"నేనెందుకు కొన్నానో చెప్పనా? మా మెకానిక్ ఒకడున్నాడు. ఆ కారు కాలిన రోజు నుంచి పనికి రావడం లేదు. ఊరెళ్ళాడన్నారు. చెప్పకుండా టీకి కూడా వెళ్ళడు వదినా వాడు. వాడెక్కడున్నాడో ఎవరూ అడగడం లేదు. ఆ కారులో ఉన్నది మా ఓనరు కాకపోతే ఎవరై ఉంటారో నాకు భయంగా ఉంది. అందుకే కొన్నా."

కోడలు అతని మొహంలోకి చూసింది. చెడిపోయిన పంటిని పైకి చూసి కనిపెట్టడం ఆమె వృత్తి. ఇక్కడ చెడిందేమీ కనిపించలేదు.

"తప్పుగా అనుకున్నాను," అంది.

"తర్వాత కాళ్ళు పట్టుకుందువు గాని. ముందు పెట్టె తెరువు."

గదికి తిరిగొచ్చారు. ఈసారి అత్తగారు ఎదురుచెప్పకుండా తొమ్మిదో నెంబరు ఇచ్చింది. చుక్కలు తిరిగాయి. కలిసింది. కొత్త లాప్‌టాప్ ఈ ఇంటి మనిషైంది.

కోడలు పెట్టెను తెరిచి, తన అర పాస్‌వర్డ్ కొట్టింది. ఏడాదికొకటి చొప్పున ఫోల్డర్లు. పని మొదలుపెట్టిన ఏడాది నుంచి వరసగా ఉండాలి. ఆమె కళ్ళు చిట్లించింది.

"మొదటి మూడేళ్ళవీ లేవు."

అంటూండగానే నాలుగో ఏడు మాయమైంది. ఆమె చేయి ఇంకా మౌస్ మీద పడలేదు.

"తుడిచేస్తున్నారు," అన్నాడు మరిది. "నాలుగో నెంబరులో ఉన్నవాడు. పాత మిషనుకి నీ అర పాస్‌వర్డ్ గుర్తుంటుంది కదా. ఏ కేసో తెలియక మొత్తం తుడుస్తున్నాడు. తీసెయ్యడం కాదు, మళ్ళీ దొరక్కుండా అలికేస్తున్నాడు. అందుకే ఇంత నెమ్మది."

"అది ఏ ఏటిది వదినా? ఆ బ్రిడ్జి?" అని అతనే అడిగాడు.

"బ్రిడ్జి కింద లోహం వాడాను. ఆ లోహం నేను వాడింది... ఆరో ఏడు. ఆరో ఏడు లేదా ఏడో ఏడు."

ఐదో ఏడు పక్కన, తుడుపు ఎంతవరకు వచ్చిందో చూపే చిన్న గీత నిండుతోంది.

కోడలు ఆరో ఏడు తెరిచింది. లోపల కేసులన్నీ నెంబర్లే. పేర్లు లేవు. వందల దవడలు. ఒక్కొక్కటీ తెరిచి చూడాలి. తెరుస్తుంటే ఐదో ఏడు ఆరిపోయింది. ఆరో ఏడు పక్కన గీత మొదలైంది.

"అత్తయ్యా! నాలుగు కట్ చెయ్యండి."

అత్తగారి వేలు టాబ్లెట్ మీద ఆగి ఉంది. "చేస్తాను. చేస్తే వాడు జాగ్రత్తపడతాడు. ఇప్పుడైతే లైన్లో ఉన్నాడు. కట్ చేస్తే ఎక్కడున్నాడో, ఎవడో మళ్ళీ దొరకడు. ఆలోచించుకుని చెప్పు. లైను నీది."

ఆలోచించడానికి ఏముంది? దొంగ దొరక్కపోతే ఈ ఇంటికి భయం. ఫైలు పోతే అక్కడ ఎవరో ఒక మనిషి వేరేవాడి పేరుతో మట్టిలో కలిసిపోతాడు, అతను చచ్చిపోయాడని కూడా లోకానికి తెలియదు. ఎవరి కోసమో చేసిన నాలుగు పళ్ళు తప్ప అతని తరఫున సాక్ష్యం చెప్పేవాళ్ళు లేరు.

"కట్ చెయ్యండి."

వేలు పడింది. ఆకుపచ్చ చుక్క బూడిదరంగుకి తిరిగింది. ఆరో ఏడు పక్కన గీత సగంలో ఆగిపోయింది.

మిగిలిన సగం ఫైళ్ళను కోడలు ఒకటొకటిగా తెరవడం మొదలుపెట్టింది. తెర మీద దవడలు గిర్రున తిరుగుతున్నాయి. ఇది కాదు. ఇది పై వరస. ఇది ఆడమనిషిది. ఇది కాదు. మరిది గోళ్ళు కొరుకుతున్నాడు. అత్తగారు నిలబడే ఉంది. కింది వరస, ఎడమ వైపు, నాలుగు పళ్ళ బ్రిడ్జి, కింద లోహం... కోడలు ఆగింది. దవడను తిప్పి లోపలి వైపు చూసింది. పోలీసులిచ్చిన ఫోటోను ఫోన్లో తెరిచి పక్కన పెట్టింది. పక్కనున్న అసలు పంటి అరిగిన అంచు అదే. వంకర అదే. ఇంకో అసలు పంటి మీద, గట్టి వస్తువులు కొరికేవాళ్ళకు పడే గుంట కూడా అదే.

"ఇదే."

స్కాన్‌తోబాటు డాక్టరు ఒక ఫోటో పంపాడు. పక్క పళ్ళ రంగు పోల్చుకోవడానికి పంపే మామూలు ఫోటో. ముక్కు నుంచి గడ్డం దాకానే ఉంటుంది, కళ్ళు ఉండవు. పెదవులు ఎత్తి పళ్ళు చూపిస్తున్న ఒక నోరు. దట్టమైన మీసం. మీసానికి ఒక పక్క వెంట్రుకలు మొలవని కాలిన మచ్చ.

మరిది కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు.

"వాడే," అన్నాడు. "రేడియేటర్ మూత తీస్తుంటే ఆవిరి కొట్టి కాలింది. నేను పక్కనే ఉన్నా ఆ రోజు." ఇంకేదో అనబోయి, మోచేతితో మొహం తుడుచుకున్నాడు. "సోడా మూతలు పళ్ళతో తీసేవాడు వదినా. వద్దురా అంటే, కొత్తవి గట్టిగా కట్టారు, ఏమీ కాదు అనేవాడు. నువ్వే కట్టావని నాకేం తెలుసు."

కోడలు స్కాన్‌నూ ఫోటోనూ ఇన్‌స్పెక్టరుకు పంపి ఫోన్ చేసింది. ఆయన చూసే వరకు లైన్లోనే ఉంది.

"ఎక్కడ దొరికిందమ్మా ఇది?"

"ఇంట్లోనే. అది తర్వాత చెబుతాను. కారులో ఉన్నది వాళ్ళ యజమాని కాదు సార్. కంపెనీ మెకానిక్. మా మరిది గుర్తుపట్టాడు."

అవతల కాగితాలు కదిలిన చప్పుడు. ఎవరినో కేకేయడం. మళ్ళీ ఆయన గొంతు.

"సంతకాలైపోయి బండి ఎక్కిస్తున్నారు. ఆపేశాను. అయితే ఓనరు బతికే ఉన్నాడన్నమాట. సరే, మీరు ఎక్కడికీ కదలకండి. ఆ ఫైలు ఇంకెవరికీ చూపించకండి."

ఫోన్ పెట్టేసింది. మరిది చిన్నగా, ఏడుపుకీ నవ్వుకీ మధ్య ఎక్కడో ఒక శబ్దం చేశాడు. అత్తగారు మొదటిసారి స్టూలు మీద కూర్చుని, "మంచినీళ్ళు తెచ్చిపెట్టరా," అంది. ముగ్గురికీ ఒక క్షణం, దొంగ సంగతే మరుపున పడింది.

అప్పుడు మేడ మీంచి పిలుపు వినిపించింది.

"అమ్మా! నెట్ పోయిందేంటి? ఇప్పటిదాకా బాగానే ఉందిగా. రౌటర్ ఏమైనా కదిపారా?"

పెద్దవాడి గొంతు. నిద్రమత్తు లేదు అందులో.

మంచినీళ్ళకు లేచిన మరిది అక్కడే నిలబడిపోయాడు. తన ఫోన్ తీసి చూశాడు. పనిచేస్తోంది. తెర తిప్పి మాట్లాడకుండా వదినకు చూపించాడు. ఆమె చూడలేదు. ఆమె కళ్ళు అత్తగారి చేతిలోని టాబ్లెట్ మీద ఉన్నాయి. నాలుగోది తప్ప చుక్కలన్నీ పచ్చగా వెలుగుతున్నాయి. మొత్తం ఇంట్లో పోయిన లైను అదొక్కటే.

అత్తగారి మొహంలో ఏ మార్పూ రాలేదు. వెన్ను మాత్రం నిటారైంది. తల కొద్దిగా పక్కకు వాల్చి, ఆ ఇంట్లో ఇంతవరకూ ఎవరూ వినని మెత్తటి గొంతుతో, ఎన్ని వేలమందితోనో మాట్లాడి నునుపు తేలిన గొంతుతో, పైకి బదులిచ్చింది.

"నీ ఫోన్లో పోయిందా నాన్నా?"

పైన కొంచెం ఆలస్యమైంది.

"ఆ... ఫోన్లోనే."

రెండో నెంబరు పక్కన చుక్క ఆకుపచ్చగా, రెప్ప వేయకుండా ఉంది.

"లైన్లో ఉండు నాన్నా. చూస్తున్నాను," అంది ఆవిడ.

అని, టాబ్లెట్‌ను అరచేత్తో మూసింది, అది వింటుందన్నట్టు. కోడలి వైపు తిరిగినప్పుడు ఆ మెత్తదనం గొంతులో లేదు.

"అమ్మాయ్. ఇన్‌స్పెక్టరుకు మళ్ళీ కలుపు."

"అత్తయ్యా, ఆయన..."

"నా కొడుకని నాకు తెలుసు. కలుపు."

మేడ మీద కుర్చీ వెనక్కి జరిగింది. తలుపు గడియ తీసిన చప్పుడు. "వద్దులే అమ్మా, నేనే దిగి వచ్చి చూస్తా." మెట్ల మీద అడుగులు మొదలయ్యాయి. తొందర లేని అడుగులు.

కోడలు నెంబరు నొక్కి ఫోన్ చెవికి ఆనించుకుంది. ఇందాక వెంటనే ఎత్తిన మనిషే. ఇప్పుడు అవతల ఫోన్ మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తడం లేదు.